ఎనిమిదో అంతస్తులో ఆరుగురు

1వ రోజు

కరెంటు ఆఫీసు వాళ్లు ఈ పుస్తకం ఇచ్చారు. క్యాంటీన్‌లోని పాత ఆట పెట్టెను నడిపిన ప్రతి రోజూ ఎందుకు నడిపామో ఇందులో రాయాలట. నాకు రాత అలవాటు లేదు. అయినా రాస్తాను.

నా పేరు ఓబులేసు. అరవై రెండేళ్లు. నేల కింద ఉన్న మా లోపలూరు గాలిగదిలో వడగుడ్డలు ఉతుకుతాను. పైనుంచి దిగే గాలి ఆ గుడ్డల్లో వడకట్టుకుని మా నాలుగు వేల మందికీ అందుతుంది. రోజుకు నలభై గుడ్డలు. సాయంత్రానికి వేళ్లు ముడుచుకోవు. పదకొండేళ్ల కిందటి దాకా నేను సొరంగాలు తొలిచే బోరు ముఠాకు మేస్త్రీని.

ఇవాళ గుడ్డలు పిండుతుంటే జుబేదా వచ్చింది. ఊళ్లో యంత్రాలన్నీ బాగుచేసేది ఆ అమ్మాయే. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. పంచాయతీ వాళ్లు వచ్చే నెల ఇంటికొక చేతిపలక పంచుతున్నారు. పాటలు, పాఠాలు, ఆటలు అన్నీ అందులోనే. పలకలు వచ్చాక పాత పెట్టెను విప్పి, లోపలి బోర్డులు నీటి పంపులకు వాడతారట. అందులోని గుహ ఆటను ఇప్పటికే పలకలోకి మార్చేశారట.

"చిన్నాయనా, ఆ పెట్టెలో నీ పేరుండాది" అంది.

నేను పిండుతూనే ఉన్నాను.

"ఆరు పేర్లు. ఓబులేసు, ఏసోబు, గంగాద్రి, పీరయ్య, నాగేంద్ర. ఇంగొకటి మద్దిలేట్ అని ఉండాది."

"మద్దిలేటి. దాంట్లో ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాల కన్నా ఎక్కువ పట్టవు."

"ఆరుగురికీ 'గుహలో' అని చూపిస్తాండాది. కోటలో ఉండేవాళ్లనే పలక తీసుకుంటాది. గుహలో పడిండేవాళ్లను తీసుకోదు. పెట్టె విప్పితే ఆ పేర్లు అంతటితో పోతాయి."

"నువ్వే తిరగరాసుకో. చదువుకున్నదానివి."

"కోటలోని పేర్ల పట్టీ ఒకటే చదవగలను చిన్నాయనా. గుహలో ఉండేవాళ్లను యాడ దాచినారో, ఎట్లా రాసినారో చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లే. తెలీక ఒక్క అక్షరం కదిలిస్తే అందరూ పోతారు. ఎవరన్నా ఆట ఆడి, దిగి, తెచ్చుకోవాల్సిందే. నలభై దినాలు టైముండాది."

"పోనీలే" అన్నాను.

జుబేదా పోబోయి ఆగింది. "నీది పోను ఆ ఐదు పేర్లు ఉత్తరం తలుపు కాడ రాయి మీద ఉండేటివే గదా" అంది. నేను ఇంకో గుడ్డ తీసుకున్నాను. ఆమె కరెంటు ఆఫీసు పుస్తకం అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

4వ రోజు

పోయి చూశాను. చూడకుండా ఉండలేకపోయాను.

పెట్టె అదే మూలన ఉంది. తెర వెలగడానికి చాలాసేపు పట్టింది. నల్లటి తెర మీద పచ్చటి గీతలు. నాలుగు గీతలు కలిస్తే గోడ, రెండు గీతల మధ్య సందు ఉంటే దారి. అంతే ఆ ఆట. కోట కింద పది అంతస్తుల గుహ. ఆరుగురు కలిసి ఒక్కో అంతస్తే దిగాలి. ఏ మలుపులో ఏ భూతం ఎదురవుతుందో తెలియదు. ఆట మీ కోసం ఏమీ గుర్తుపెట్టుకోదు. అడుగులు లెక్కపెట్టుకుని, పటం మీరే గీసుకోవాలి.

మా ముఠాలో ఒక్కొక్కరం ఒక్కో మనిషిని తయారుచేసుకున్నాం. నేను కత్తి. నాగేంద్రమ్మ మంత్రగత్తె. మా అందరిలోకీ బలంగా డ్రిల్లు పట్టేది ఆమే, ఆటలో మాత్రం కత్తి వద్దంది. పీరయ్య దొంగ. ఏసోబు పూజారి, పటం గీసేదీ అతనే. గంగాద్రి, మద్దిలేటి నాతో పాటు ముందు వరస. మధ్యాహ్నం సంగటి తిన్నాక అరగంట దొరికేది. రెండేళ్లు ఆడితే ఎనిమిదో అంతస్తు దాకా దిగగలిగాం. అక్కడ ఒక బుధవారం అందరం చచ్చిపోయాం. తొందరపడి తలుపు తన్నింది నేనే.

ఈ ఆటలో చస్తే శవాలు పడ్డచోటే ఉండిపోతాయి. కొత్త ముఠాను కట్టుకుని, పెంచుకుని, అక్కడిదాకా దిగి మోసుకురావాలి. తెచ్చుకుందాంలే అనుకున్నాం. గంగాద్రి ఆ పూటే కొత్తవాళ్లకు పేర్లు వెతకడం మొదలుపెట్టాడు.

ఆ శనివారం ఉత్తరపు సొరంగంలో నీళ్లు పడ్డాయి. లోపల ఐదుగురు. నేను బయట, ఇనుప తలుపు చక్రం దగ్గర. నీళ్లు ఎర్ర గీత దాటితే తలుపు వేయాలన్నది ఊరి కట్టుబాటు. దాటాయి. వేశాను.

ఆ తలుపు మళ్లీ తీయలేదు. అవతల ఇప్పటికీ నీళ్లే.

ఇవాళ ముగ్గురు కొత్త మనుషులను తయారుచేశాను. పేర్లు పెట్టడానికి ఓపిక లేక ఒక్కో అక్షరం పెట్టి వదిలేశాను. రోజుకు రెండు గంటల కరెంటు ఇస్తామన్నారు.

7వ రోజు

రెండో అంతస్తులో దారి తప్పి ముగ్గురూ చచ్చారు. మళ్లీ ముగ్గురిని చేశాను. వాళ్లూ అక్కడికక్కడే పోయారు. మధ్యలో పెట్టె ఆపితే లోపలివాళ్లు లోపలే ఉండిపోతారు కాబట్టి, దిగినవాళ్లు ఆ రెండు గంటల్లోనే కోటకు తిరిగి రావాలి. పటం లేకుండా కుదరదు.

ఏసోబు పటాన్ని పాత వడగుడ్డ మీద బొగ్గుతో గీసేవాడు. కాగితం ఎక్కడుంది మాకు. ఎనిమిది అంతస్తులూ ఒకే గుడ్డ మీద, గళ్లు గళ్లుగా. అది పోయి ఉండకపోతే ఏసోబు భార్య మార్తమ్మ దగ్గర ఉండాలి.

మార్తమ్మ నాతో మాట్లాడి పదకొండేళ్లయింది. తిట్టలేదు, శపించలేదు. నీళ్ల వరసలో నేను వెనక నిలబడితే ముందుకు చూస్తూ ఉండేది.

9వ రోజు

పుట్టగొడుగుల గదికి వెళ్లాను. మార్తమ్మ అక్కడ పని చేస్తుంది. తడిగోనెల మధ్య వంగి కోస్తోంది. గుమ్మంలో నిలబడి సంగతంతా చెప్పాను. ఆమె కోత ఆపలేదు.

"ఆటలో సచ్చినోళ్లను తేవల్లనా" అంది చివరికి.

"అవును."

"తెచ్చి?"

"ఏంలేదు. పలకలో పేర్లుంటాయి. లేకుంటే ఉండవు."

బుట్ట నిండేదాకా కోసింది. చేతులు తుడుచుకుని గది వెనక్కి పోయి, ఒక దిండు తెచ్చింది. దాని కుట్టు విప్పింది. లోపల దూదికి బదులు పాతగుడ్డలు. వాటి మధ్య మడతపెట్టిన పటం. చెమటకు అక్కడక్కడ మసకబారింది గానీ గీతలు తెలుస్తున్నాయి.

చేయి చాపాను. ఆమె ఇవ్వలేదు.

"గుడ్డ నీకియ్యను. నేనే తెస్తా. ఆడ కూచొని నేనే చూసి చెప్తా."

"నీకు ఆట రాదు గదా."

"ఆయప్ప రోజూ ఇంటికొచ్చి చెప్పేటోడు. ఏ సందులో ఏం ఉందో నాకు తెలుసు. మీ అందరికన్నా బాగా తెలుసు."

10వ రోజు

వచ్చింది. నాకు రెండు జానల దూరంలో స్టూలు వేసుకుని కూర్చుంది. నేను మీటలు నొక్కాను, ఆమె గుడ్డ మీద వేలు జరిపింది. "ముందుకు మూడు. కుడికి. ఆడ తలుపుంటాది, తీయొద్దు." ముగ్గురూ బతికి బయటికొచ్చారు.

పోయేముందు, "నాకూ ఒక మనిషిని చెయ్యి" అంది. పూజారిణిని చేశాం. పేరు తనే కొట్టింది, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. మార్త.

15వ రోజు

గాలిగదిలో ఇవాళ యాభై రెండు గుడ్డలు. పైన దుమ్ము తుఫానట. భుజం లేవడం లేదు.

ముఠాలో ఇప్పుడు ఆరుగురున్నారు, నాలుగో అంతస్తు దాకా పోయి వస్తున్నాం. మీటలు కూడా ఎక్కువగా మార్తమ్మే నొక్కుతోంది. నాకంటే బాగా ఆడుతుంది. నేను గెలుస్తున్నప్పుడు ముందుకు పోతాను. ఆమె గెలిచినా, దెబ్బ తగిలిందంటే చాలు వెనక్కి తిప్పుతుంది.

జుబేదా చేతిపలక ఒకటి తెచ్చి చూపించింది. అదే ఆట. కానీ గోడల మీద నాచు ఉంది, దివిటీలు మండుతున్నాయి, అడుగు వేస్తే చప్పుడు. పటం అదే గీసుకుంటుంది. మూడో అంతస్తులో పీరయ్యను రెండుసార్లు చంపిన గొయ్యి కోసం వెతికాను. లేదు.

"అందరికీ కష్టమయితాందని తీసేసినారంట" అంది జుబేదా.

మార్తమ్మ పలకను చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "బాగుండాది. దీంట్లో ఆయప్పకు పని లేదు" అని తిరిగి ఇచ్చేసింది.

18వ రోజు

ఐదో అంతస్తు. ఇద్దరు చచ్చారు, మిగతావాళ్లు మోసుకొచ్చారు. కోటలో గుడి ఉంది, అక్కడ డబ్బు కట్టి శవాన్ని లేపమని అడగొచ్చు. ఒక్కోసారి లేస్తారు. ఒక్కోసారి బూడిదవుతారు. ఇవాళ ఒకడు లేచాడు, ఒకడు బూడిదయ్యాడు. ఒక్క అక్షరం తప్ప పేరు కూడా లేనివాడు. అయినా మార్తమ్మ మీటల మీంచి చేతులు తీసేసింది, మిగిలిన అరగంటా ముట్టుకోలేదు. బూడిదైనవాడి చోట రేపు ఇంకొకణ్ణి చేసుకోవాలి.

22వ రోజు

ఇవాళ ఆట త్వరగా ఆపేశాం. ఎందుకో రాస్తాను.

ఆరో అంతస్తు మెట్ల దగ్గర ఉన్నాం. మార్తమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"అన్నా, ఆ పొద్దు తలుపు అవతల్నుంచి కొట్టినారా?"

ఈ ప్రశ్న పదకొండేళ్ల కిందట, పంచాయతీ విచారణ రోజున అందరి ముందూ అడిగింది. లేదని చెప్పాను. నీళ్లు ఒక్కసారిగా కమ్ముకుని ఉంటాయని, క్షణంలో అయిపోయి ఉంటుందని చెప్పాను. ఆ మాట ఊరంతా నమ్మింది. నాకు నిద్ర పట్టని రోజుల్లో నేనే నమ్మడానికి ప్రయత్నించాను.

అన్నా అని పిలవకపోయి ఉంటే ఇవాళా లేదనే చెప్పేవాడినేమో.

"కొట్టినారు" అన్నాను.

"ఎంతసేపు?"

"శానాసేపు."

"శానాసేపంటే?"

"నేను తలుపుకు ఈపు ఆనిచ్చి కూచున్యా. రాయితో కొట్టినట్టుండె. నూరు దాకా లెక్కబెట్టినా. మళ్ల నూరు. ఏడు నూర్లు దాటినాక నిదానమయింది. తర్వాత ఒక్కరే కొడతాండారు. తర్వాత అదీ లే."

"పిలిచినారా? పేర్లు పెట్టి?"

"ఆ ఇనుము జానెడు మందం. గొంతులు ఇనపడవు."

"తీసింటే?"

"నీళ్లు కింది వీధులకు వచ్చేటివి. పిల్లోళ్ల బడి ఆడనే ఉండె."

"అది తెలుసు. అది అందరూ చెప్పినారు. నువ్వు తలుపేసినందుకు నేను ఒక్క మాటన్నా అన్యానా? కొట్టినారని మాత్రం ఒక్కడూ చెప్పలే."

ముఠాను కోటకు చేర్చింది. అడుగు తప్పలేదు. గుడ్డ మడతపెట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

23వ రోజు

పెట్టె నడపలేదు.

26వ రోజు

మార్తమ్మ రావడం లేదు. పుట్టగొడుగుల గదికి నేను పోలేదు. పోయి ఏం చెప్పను.

పటం లేకుండా, గుర్తున్నంత మేరకు దిగాను. ఆమె పూజారిణిని కోటలోనే ఉంచి మిగతావాళ్లతో పోయాను. ఐదో అంతస్తులో ముగ్గురు పోయారు. ఎలాగో శవాలతో బయటపడ్డాను. ఆ తర్వాత తెర ముందు ఊరికే కూర్చున్నాను. క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే చప్పుడు వస్తోంది. నాగేంద్రమ్మ ఇక్కడే, ఈ స్టూలు మీదే కాలు మీద కాలు వేసుకుని కూర్చునేది. మధ్యాహ్నం గంట కొట్టినా లేచేది కాదు. 'ఇంకొక్క తలుపు మేస్త్రీ' అనేది.

జుబేదా వచ్చి, "తింటివా చిన్నాయనా?" అని అడిగింది. తిన్నానన్నాను. ఆమె నమ్మలేదు. సంగటి తెచ్చి పక్కన పెట్టి, పనున్నట్టు అక్కడే ఏవో తీగలు సర్దుతూ కూర్చుంది.

28వ రోజు

మార్తమ్మ వచ్చింది. స్టూలు లాక్కుంది. గుడ్డ పరిచింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"పదకొండేండ్లు, ఆయప్ప నొప్పి తెలీకుండా పోయినాడనుకున్యా. ఇప్పుడు మళ్ల మొదట్నుంచీ అనుకోవల్ల" అంది.

"తప్పయింది మార్తమ్మా."

"అయింది." గుడ్డ మీద ముడత సర్దింది. "ఒకటి చెప్పు. కడాన ఒక్కరే కొట్టినారంటివే. అప్పుడు నువ్వు ఆడనే ఉండావా, లేచి పోతివా?"

"ఆడనే ఉన్యా. ఆగిపోయినాక కూడా ఉన్యా. నన్ను మర్నాడు లేపుకొని పోయినారు."

తల ఊపింది. తెర వైపు తిరిగి, "ఎందరుండారు మనవాళ్లు ఇప్పుడు?" అని అడిగింది. చచ్చిన ముగ్గురి సంగతి చెప్పాను. "నేను రాకుంటే పోవద్దని తెలీదా" అని గుడి వైపు తిప్పింది. ముగ్గురూ లేచారు.

33వ రోజు

ఎనిమిదో అంతస్తు. దిగడానికి గంటకు పైనే పట్టింది. ఆ గదిని చూడగానే గుర్తుపట్టాను. పచ్చగీతల్లో అన్ని గదులూ ఒకటే, అయినా గుర్తుపట్టాను. లోపలికి పోతే తెర మీద ఆరు పేర్లు వరసగా వచ్చాయి. ఏసోబు పేరు నాలుగోది. మార్తమ్మ తెర మీద ఆ పేరును వేలితో ముట్టుకుంది. అద్దం మీద దుమ్ములో గీత పడింది.

తీసుకుంటామని నొక్కితే చోటు లేదని చూపించింది.

నేను మరిచిపోయాను. ముఠా అంటే ఆరుగురే, బతికినవాళ్లయినా శవాలైనా. ఆరుగురం దిగాం కాబట్టి ఒక్కరినీ మోయలేం. ఇంత చిన్న సంగతి మరిచిపోయి, ఇన్నాళ్లు ఆరుగురిని పెంచుకుంటూ వచ్చాను. మార్తమ్మ ఏమీ అనలేదు. "తిరుక్కో" అంది. ఖాళీ చేతులతో ఎక్కాం.

రేపటి నుంచి ముగ్గురమే పోదాం, రెండుసార్లుగా ముగ్గురేసి చొప్పున తెద్దాం అనుకున్నాం. ఇంకా వారం ఉంది.

34వ రోజు

లేదు. తూర్పు పంపు ఉదయం ఆగిపోయింది. దాని బోర్డు కాలింది. పెట్టెలోని బోర్డు తప్ప ఇంకోటి లేదు. పెట్టెను ఇవాళే విప్పుతామన్నారు. జుబేదా కరెంటు ఆఫీసుకు పోయి, ఎవరెవరి కాళ్లు పట్టుకుందో తెలియదు, రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా గడువు తెచ్చింది. తొమ్మిదిన్నరకు కరెంటు ఇస్తారు. రెండున్నర గంటలు.

"ఒక్క తూరి పోయి రావొచ్చు. ముగ్గురు పోతే ముగ్గురిని తేవొచ్చు. ఎవరిని తెస్తారు?" అంది జుబేదా.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఎవరిని వదలాలో నేను మళ్లీ చెప్పాలా? గోడకు ఆనుకున్నాను.

అప్పుడు పీరయ్య మాట తోచింది. ముఠా ఎంత చిన్నదైతే పారిపోవడం అంత సులువు అనేవాడు. దొంగ కదా, పోరాడటం కంటే పారిపోవడం మీదే వాడికి ధ్యాస.

"ఒక్కరే పోతే ఐదుగురిని తేవొచ్చు" అన్నాను.

"ఆరుగురుండారు" అంది మార్తమ్మ.

"ఐదుగురే. నాది ఆడ ఉంటే ఏం. నేను ఈడ ఉండాను గదా."

"సరే, మార్త పోతాది. పోట్లాట వద్దు. పారిపోయి పారిపోయి పోతా."

35వ రోజు

ఇది ఇవాళ మధ్యాహ్నం భోజనాల తర్వాత రాస్తున్నాను. పెట్టె ఇప్పుడు లేదు.

తొమ్మిదిన్నరకు తెర వెలిగింది. మార్తమ్మ మీటల ముందు, నేను గుడ్డ పట్టుకుని పక్కన. ఈసారి ఆమే నన్ను చదవమంది. జుబేదా వెనక నిలబడింది.

ఒంటరి పూజారిణి. మొదటి నాలుగు అంతస్తులూ పరుగు. ఎదురైనవాటి ముఖం కూడా చూడలేదు, కనిపించగానే పారిపోవడమే. ఐదులో రెండు దెబ్బలు, ఆరులో ఒకటి. తనకు తానే మందు మంత్రం వేసుకుంది. ఏడులో నేను ఒక గడి తప్పు చదివాను. గోడకు గుద్దుకుంది. "కండ్లు తుడుచుకో" అంది. తుడుచుకున్నాను. పదీ ముప్ఫై ఐదుకు ఎనిమిదో అంతస్తు గదిలో ఉన్నాం.

పేర్లు వచ్చాయి. మొదట నాగేంద్రమ్మను తీసుకుంది. తర్వాత పీరయ్య, గంగాద్రి, మద్దిలేటి. ఒక్కొక్కరినీ ఎత్తేముందు పేరు పైకి చదివింది. ఏసోబు పేరు పైకి చదవలేదు.

తెర మీద నా పేరు ఒక్కటే మిగిలింది. మార్తమ్మ ఆగింది.

"పోదాం, టైమయితాంది" అన్నాను.

ఎక్కడం మొదలుపెట్టాం. ఆరో అంతస్తులో నాలుగు భూతాలు చుట్టుముట్టాయి. పారిపోవాలని నొక్కింది, కుదరలేదు. దెబ్బ. మళ్లీ నొక్కింది, కుదరలేదు. ఇంకో దెబ్బ. ప్రాణం నాలుగే మిగిలింది. ఇంకోటి తగిలితే ఆరుగురూ అక్కడే ఉండిపోతారు.

"మంత్రం ఎయ్యి, కొట్లాడు" అన్నాను.

"వద్దు" అని మళ్లీ పారిపోవడమే నొక్కింది. తప్పించుకుంది. జుబేదా నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందో అప్పుడు తెలిసింది.

పదకొండూ ముప్ఫైకి కోటలో ఉన్నాం. జుబేదా పట్టీ చదివి, ముందు ఆ ఐదుగురినీ పలకలోకి ఎక్కించింది. ఐదుగురూ వచ్చారు. పేర్ల ఎదురుగా 'మృతుడు', 'మృతురాలు' అని ఉంది, కానీ వచ్చారు. గుహలో అని లేదు. నేను నేల మీదే కూలబడ్డాను.

"అత్తా, గుడికి పంపి లేపిద్దామా?" అని అడిగింది జుబేదా. "పలకలో బూడిద భయం లేదు. అందరూ లేస్తారు. అట్లా మార్చినారు."

మార్తమ్మ పలకలో భర్త పేరు చూసుకుంది. "అందరూ లేస్తారా?"

"అందరూ."

"అయితే వద్దులే. అంత సులువుగా లేచేటోడు మా ఆయప్ప కాడు. పండుకోనీ. మిగతావాళ్లది వాళ్లిండ్లల్లో అడుగు."

పంపు మనుషులు ఇద్దరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, చేతుల్లో స్క్రూడ్రైవర్లు. ఇంకా ఇరవై ఐదు నిమిషాలుంది. ఇప్పుడే విప్పుకోండని చెప్పబోయాను. ఈలోగా మీటల చప్పుడు వినిపించింది.

మార్తమ్మ మళ్లీ కోట గుమ్మం దాటింది. ఒంటరిగా. మొదటి అంతస్తు.

"ఏం చేస్తాండావు?" అన్నాను.

"ఒకడు మిగిలినాడు గదా."

"పోయేదానికే గంట పట్టింది మార్తమ్మా."

"తెలుసు."

"అత్తా, నీ మనిషిని ఇంగా ఎక్కియ్యలే. ఆమె కూడా లోపలే ఉండిపోతాది. పలకలోకి రాదు" అంది జుబేదా.

"తెలుసులేమ్మా."

గుడ్డ నా ఒళ్లోనే ఉంది. చదవమని ఆమె అడగలేదు. రెండో అంతస్తు ఆమెకు నోటికి వచ్చు. మూడులో గొయ్యి పక్కనుంచి తప్పుకుంది. నాలుగులో ఏదో ఎదురైంది. పారిపోయింది. నేను లేవలేక, కింద కూర్చునే, "ఎడమకు రెండు" అన్నాను. ఆమె ఎడమకు రెండు వేసింది. "ముందుకు ఐదు. తలుపు." పంపు మనుషుల్లో ఒకడు గడియారం చూసుకున్నాడు. రెండోవాడు వాణ్ణి ఆగమన్నట్టు చేయి పట్టుకున్నాడు.

పన్నెండుకు తీగ పీకారు. తెర మధ్యలో ఒక పచ్చచుక్క కాసేపు నిలిచి, ఆరింది.

మార్తమ్మ చేతులు ఇంకా మీటల మీదే ఉన్నాయి. "యాడిదాకా వచ్చింటి?" అని అడిగింది.

గుడ్డ చూశాను. "ఐదు. కింది మెట్ల కాడ."

"ఇంగ మూడు."

"ఇంగ మూడు" అన్నాను.

ఆమె లేచి స్టూలు పక్కకు జరిపి, పంపు మనుషులకు దారి ఇచ్చింది. నేను గోడ పట్టుకుని లేవబోయాను, మోకాళ్లు రాలేదు. గుమ్మం దాకా పోయినామె వెనక్కి వచ్చి, నా మోచేయి పట్టుకుని లేపింది.